నీలి టోపీ, మందుల సంచి

అట్లాసు తీసి ఆఫ్రికా పటం చూడండి. మధ్యధరా సముద్రపు ఒడ్డున నైలు నది ముఖద్వారం దగ్గర వేలు పెట్టి, నది వెంట దక్షిణానికి జరపండి. ఖార్టూమ్ దగ్గర రెండు పాయలు కలుస్తూ కనిపిస్తాయి. వాటిలో తెల్ల నైలును పట్టుకొని ఇంకా కిందికి వెళితే, దక్షిణ సూడాన్ దేశంలో నది ఒడ్డునే మలకాల్ అనే పట్నం ఉంటుంది. ఐక్యరాజ్యసమితిలో చేరిన దేశాల్లో చివరిది ఈ దేశమే. 2011 జూలై 9న దానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజు నుంచే సమితి శాంతిసేన కూడా అక్కడ నిలిచింది. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం రేగినప్పుడు మలకాల్ పట్నం ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పలుమార్లు పోయింది. వేలాది జనం పిల్లాపాపలతో పరుగెత్తి శాంతిసేన శిబిరంలో తలదాచుకొన్నారు.

అక్కడ పనిచేస్తూ వచ్చిన దళాల్లో మన భారత సైన్యపు పటాలం ఒకటి. మలకాల్‌లో ఒక ఆస్పత్రిని కూడా మనవాళ్ళే నడుపుతూ వచ్చారు. శాంతిసేన అనగానే నీలిరంగు టోపీ, తెల్లరంగు బండి, తుపాకి పట్టిన సైనికుడు మన కళ్ళముందు మెదులుతారు. అతని వెనకే బరువైన సంచి మోసుకొని నడిచే మరో సైనికుడిని ఎవరూ పట్టించుకోరు. అతడే వైద్య సహాయకుడు. మన సైన్యంలో ఈ ఉద్యోగాన్ని నర్సింగ్ అసిస్టెంట్ అంటారు. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారిని ఎంపిక చేసి లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ కేంద్రంలో తర్ఫీదు ఇస్తారు. ఆ మూడు శాస్త్రాలూ అతనికి రోజూ ఎలా పనికివస్తాయో చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది.

ఒక లెక్క ముందుగా చెప్పాలి. 1948లో శాంతిసేనలు మొదలైనప్పటినుంచి 4,000కు పైగా శాంతి సైనికులు విధి నిర్వహణలో మరణించారు. వారిలో కాల్పులకు, దాడులకు బలైనవారికన్నా జబ్బులతో పోయినవారే ఎక్కువ. అందువల్ల మన వైద్య సహాయకుని దినచర్య తుపాకి గాయంతో మొదలు కాదు, నీళ్ళ కుళాయి దగ్గర మొదలవుతుంది.

ఆరు కప్పుల పరీక్ష

మనకు ఉదయం తొమ్మిదిన్నర అయ్యేసరికి మలకాల్‌లో ఆరు గంటలు. వంటశాలను సైన్యంలో లంగరు అంటారు. లంగరులో టీ కాగేలోగా నీళ్ళలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూడాలి. పెద్ద శిబిరాల్లో ఇప్పుడు నీటిని శుద్ధిచేసే యంత్రాలు ఉన్నాయి. కాని గస్తీ దళం దూరాన ఒక పల్లె పక్కన మకాం వేసినప్పుడు యంత్రం వెంట రాదు. అప్పుడు పనికివచ్చేది హారాక్స్ పరికరం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్య వైద్యుడు విలియం హారాక్స్ కనిపెట్టిన ఈ పెట్టె నూరేళ్ళు దాటినా పాతబడలేదు.

పెట్టెలో ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు, 2 గ్రాముల చెంచా, చుక్కలు వేసే గొట్టం ఉంటాయి. నల్ల కప్పులో ఒక చెంచా బ్లీచింగ్ పౌడరు వేసి, ముందు ముద్దగా కలిపి, గీతవరకూ నీళ్ళు పోస్తారు. పరీక్షించవలసిన నీటిని తెల్ల కప్పుల్లో నింపుతారు. నల్ల కప్పులోని తేట నీటిని మొదటి కప్పులో 1 చుక్క, రెండోదాంట్లో 2 చుక్కలు, ఇలా ఆరో కప్పులో 6 చుక్కలు వేసి కలుపుతారు. అరగంట ఆగాలి. తరువాత ప్రతి కప్పులోనూ గంజి, అయొడైడు కలిసిన సూచకాన్ని మూడేసి చుక్కలు వేస్తారు. కొన్ని కప్పులు తెల్లగానే ఉండిపోతాయి. కొన్ని నీలిరంగుకు తిరుగుతాయి.

ఎందుకు? బంగాళాదుంప ముక్కమీద అయోడిన్ వేస్తే నీలిరంగు వస్తుందని మీరు ప్రయోగశాలలో చూశారు. ఇక్కడా అదే జరిగింది. క్లోరిన్ అయొడైడు నుంచి అయోడిన్‌ను వెళ్ళగొడుతుంది. ఆ అయోడిన్ గంజిని నీలిరంగుగా మారుస్తుంది. మొదటి కప్పుల్లో రంగు రాలేదంటే వేసిన క్లోరిన్ అంతా నీటిలోని మలినాలతో పోరాడి ఖర్చయిపోయిందన్నమాట. స్పష్టంగా నీలిరంగు వచ్చిన మొదటి కప్పు మూడోది అనుకోండి. అప్పుడు 455 లీటర్ల నీటికి మూడు చెంచాలు, అంటే 6 గ్రాముల బ్లీచింగ్ పౌడరు వేయాలి. 5,000 లీటర్ల ట్యాంకుకు ఎంత వేయాలో మీరే లెక్కకట్టండి. దాదాపు 66 గ్రాములు వస్తే మీ లెక్క సరైనదే.

బురద నీటికి ఈ లెక్క పనిచేయదు. మట్టిరేణువులు క్లోరిన్‌ను మింగేస్తాయి. కనుక ముందు పటిక వేసి తేర్చాలి. మన పల్లెల్లో పూర్వం కుండ లోపల చిల్లగింజ అరగదీసి ఏటినీటిని తేర్చేవారు కదా, ఆ పనే ఇదీ. ఇక అమీబా వంటి జీవుల కోశాలు క్లోరిన్‌కు ఒక పట్టాన లొంగవు. వాటికి మంచి వడపోత కావాలి.

మరుగుదొడ్డి అంటే నవ్వులాట కాదు

నీళ్ళ తరువాత మరుగుదొడ్లు, మురుగు గొట్టాలు, చెత్త గుంటలు. ఈ తనిఖీని కొత్తగా చేరిన కుర్రాళ్ళు చిన్నతనంగా భావిస్తారట. అలా భావించేవారికి హైతీ కథ చెప్పాలి.

హైతీ కరిబియన్ సముద్రంలోని పేద దేశం. 2010 జనవరి 12న అక్కడ ఘోరమైన భూకంపం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో దానికి తోడు కలరా బయలుదేరింది. అంతకుముందు ఆ దేశంలో కలరా వచ్చినట్లు దాఖలాలే లేవు. ఎక్కడనుంచి వచ్చింది? రోగుల ఊళ్ళను పటంమీద గుర్తిస్తూ పోయిన పరిశోధకులకు జాడ ఒక నది ఎగువకు దారితీసింది. ఆర్టిబొనైట్ నదిలో కలిసే ఒక వాగు ఒడ్డున శాంతిసేన శిబిరం ఉంది. అందులోని సైనికులు నేపాల్ నుంచి వచ్చారు. నేపాల్‌లో అప్పుడు కలరా ఉంది. శిబిరపు మురుగు సరిగా కట్టడి లేక వాగులోకి చేరింది. తరువాత కలరా క్రిముల జన్యువులను పోల్చి చూస్తే హైతీ క్రిములు, నేపాల్ క్రిములు దాదాపు ఒకే అచ్చులో పోసినట్లున్నాయి.

ఆ సైనికులు రోగంతో మూలుగుతూ వచ్చారని అనుకోకండి. కలరా క్రిమి సోకినవారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. అయినా వారి మలంలో క్రిములు బయటికి పోతూనే ఉంటాయి. ఆరోగ్యంగా కనిపించే మనిషి, చిల్లుపడిన గొట్టం, దిగువన అదే నీళ్ళు తాగే జనం. ఈ మూడూ కలిశాయి. 8 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు. దాదాపు 10,000 మంది చనిపోయారు. సాయం చేయడానికి వెళ్ళినవారి వల్ల ఇంత జరిగింది. ఆ మాట ఒప్పుకోవడానికి పెద్దలు ఆరేళ్ళు తీసుకోవడం నాకు అంతకన్నా బాధ కలిగించే విషయం. 2016 డిసెంబరు 1న సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు. తప్పంతా నేపాల్ సైనికుల మీద నెట్టడం మాత్రం న్యాయం కాదు. గొట్టాలు వేసిన తీరు, వాటిని ఎవరూ చూడని తీరు అసలు తప్పు.

దక్షిణ సూడాన్‌లోనూ 2014లో, ఆ తరువాత మరికొన్నిసార్లు కలరా వచ్చింది. రోగం తగిలాక చేయవలసింది తేలికే. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించాలి. ఉత్త నీళ్ళు పోస్తే పేగు పీల్చుకోదు. గ్లూకోజు అణువు సోడియంను వెంటబెట్టుకొని పేగుగోడ దాటుతుంది. వాటి వెంట నీరు దానంతట అదే నడుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో సెలైను సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ నీళ్ళనే తాగించాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. నేడు ప్రతి మందుల సంచిలోనూ ఉండే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక కథ అది.

రోజుకో మాత్ర

ఏడు గంటలకు సిక్ రిపోర్టు. ఒంట్లో బాగోలేనివారు ఎం.ఐ. రూమ్ ముందు వరుసకడతారు. పటాలానికి ఉండే ఈ చిన్న దవాఖానాను సమితి లెక్కలో మొదటి స్థాయి అంటారు. ఇద్దరు డాక్టర్లు, అరడజను సహాయకులు, అయిదు పడకలు, రోజుకు ఇరవైమంది రోగులు, ఇది దాని కొలత. కాలి వేళ్ళ మధ్య పాసిన చర్మం, విరేచనాలు, పంటినొప్పి, వడదెబ్బ, ఇంటిమీద బెంగతో పట్టని నిద్ర: ఎక్కువ భాగం ఇవే. జ్వరం అంటే మాత్రం అక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోరు. వేలు గుచ్చి ఒక చుక్క రక్తం తీసి పావుగంటలో మలేరియా పరీక్ష చేయవలసిందే.

మలకాల్‌కు పైఎత్తున తెల్ల నైలు సడ్ అనే మహా చిత్తడినేలల గుండా వస్తుంది. దోమలకు ఇంతకన్నా స్వర్గం ఉండదు. అక్కడి మలేరియాలో ఎక్కువ భాగం ఫాల్సిపారం జాతిది. మెదడుకెక్కి రెండు మూడు రోజుల్లో మనిషిని తీసుకుపోగలదు. దోమతెర, పొడుగు చేతుల చొక్కా, ఒంటికి రాసుకొనే మందు, వీటితో పాటు నివారణ మాత్ర కూడా వేసుకోవాలి. ఇందుకు వాడే మందుల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. రోజూ ఒక మాత్ర. చేతికిచ్చి పంపిస్తే జేబులో వేసుకొని మరచిపోతారు కనుక, ఎదురుగా నిలబెట్టి మింగించడం మంచి పద్ధతి. గ్లాసెడు నీళ్ళతో మింగాలి, వెంటనే పడుకోకూడదు. లేకపోతే అన్నవాహిక పుండుపడుతుంది.

డాక్సీసైక్లిన్ బాక్టీరియాను అణిచే యాంటీబయాటిక్. మలేరియా క్రిమి బాక్టీరియా కాదు, ప్రోటోజోవా. మరి మందు దాని మీద ఎలా పనిచేస్తుంది? ఆ క్రిమి కణంలో ఎపికోప్లాస్ట్ అనే చిన్న భాగం ఉంది. కోట్ల సంవత్సరాల క్రితం దాని పూర్వజీవి మింగిన ఒక శైవలపు అవశేషం అది. అందులోని ప్రోటీన్ల తయారీ బాక్టీరియా పద్ధతిలోనే సాగుతుంది. మందు దెబ్బ అక్కడ తగులుతుంది. పరిణామ సిద్ధాంతం ఎందుకు చదవాలని అడిగేవారికి ఇదొక జవాబు.

ఈ కథలో మన నేలకు రెండుచోట్ల వాటా ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని మొట్టమొదట చూసిన రోనాల్డ్ రాస్ సైన్యంలో పనిచేసిన వైద్యుడే. ఆయన దాన్ని చూసింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదు బేగంపేటలో. ఇక డాక్సీసైక్లిన్ చేరిన టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ బయటికి వచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. దాన్ని కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పది, ఒకటి, రెండు

ఎనిమిదికో తొమ్మిదికో గస్తీ బయలుదేరుతుంది. వైద్య సహాయకుడు సంచి సర్దుకొని బండి ఎక్కుతాడు. శాంతిసేన వైద్యంలో 10-1-2 అనే సూత్రం ఉంది. గాయపడిన 10 నిమిషాల్లో రక్తం ఆపి ఊపిరి అందేట్లు చూడాలి. 1 గంటలో డాక్టరు చేతికి చేర్చాలి. 2 గంటల్లో శస్త్రచికిత్స మొదలవ్వాలి. మొదటి పది నిమిషాలూ అతనివే.

పెద్దమనిషి శరీరంలో రక్తం దాదాపు 5 లీటర్లు. గుండె నిమిషానికి ఇంచుమించు అంతే రక్తాన్ని తోడుతుంది. 2 లీటర్లు పోతే ప్రాణం మీదికి వస్తుంది. కనుక తొడలోని పెద్ద ధమని తెగితే ఎంత వ్యవధి ఉంటుందో ఊహించండి. గాయానికి నాలుగు వేళ్ళ పైన, కీలుమీద కాకుండా, వెడల్పాటి పట్టీ వేసి కర్రతో మెలిపెట్టి బిగిస్తారు. దీన్నే టూర్నికే అంటారు. సగం బిగిస్తే అసలు బిగించకపోవడం కన్నా ప్రమాదం. సిరల్లో ఒత్తిడి తక్కువ కనుక అవి ముందుగా మూసుకొంటాయి. ధమని మాత్రం తెరిచే ఉంటుంది. రక్తం లోపలికి వస్తూ, వెనక్కి పోయే దారి లేక గాయంలోంచి ఇంకా జోరుగా కారుతుంది. అందుకని రక్తం పూర్తిగా ఆగేదాకా, నొప్పితో అరిచినా సరే, బిగించాలి. వెంటనే కట్టిన సమయం రాసిపెట్టాలి. రెండు గంటలు దాటితే కింది కండరాలు, నరాలు దెబ్బతినడం మొదలవుతుంది.

ఒకేసారి పదిమంది గాయపడితే? 2016 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో మలకాల్ శిబిరంలోని కాందిశీకుల గుడిసెల మీద దాడి జరిగి, మంటలు లేచి, పాతికమందికి పైగా చనిపోయారు. అటువంటి వేళ గట్టిగా అరిచేవాడి దగ్గరికి పరుగెత్తడం సహజం. కాని అరవగలిగాడంటే అతని శ్వాసనాళం తెరిచే ఉంది. మాట్లాడకుండా పడివున్నవాణ్ణి ముందు చూడాలి. ఎర్ర చీటీ వారు ముందు, పసుపు వారు తరువాత, ఆకుపచ్చ వారు చివర. నల్ల చీటీ కట్టడమే అన్నిటికన్నా కష్టం. అది చనిపోయినవారికి, ఇక బతికించలేనివారికి. ఏ తెగవాడు, ఏ పక్షంవాడు అన్న ప్రశ్నకు చీటీమీద చోటులేదు. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఎవరిని ముందు చూడాలో నిర్ణయించవలసింది గాయపు తీవ్రత ఒక్కటే.

ఒంటిగంట గడువుకు అక్కడ పెద్ద శత్రువు నేల. అది మన గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు జిల్లాల్లో కనిపించే నల్లరేగడి వంటి నేల. అందులోని బంకమన్ను నీరు పీల్చి ఉబ్బుతుంది. మే నుంచి అక్టోబరు దాకా వానల్లో బండి చక్రాలు ఇరుసువరకు దిగబడతాయి. తొలకరి తరువాత చెరకుబండి దిగబడటం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అప్పుడు హెలికాప్టరు ఒక్కటే దిక్కు. దానికీ వాతావరణం కలిసిరావాలి, కింద పోరాడుతున్నవారు దారి ఇవ్వాలి. 2016 జూలైలో రాజధాని జూబాలో ఒక రాకెట్ గ్రెనేడు తగిలి ఇద్దరు చైనా శాంతి సైనికులు చనిపోయారు. వారిలో ఒకరిని అదే నగరంలో, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆస్పత్రికి చేర్చలేకపోయారు. దారి తెరుచుకోక గంటల తరబడి రక్తం పోయి ఆయన మరణించారు. రెండు గంటల సూత్రం కాగితం మీద ఎంత తేలికో, నేల మీద అంత కష్టం.

పాముకాటుకు మరో మందు

గస్తీలో పాము కరిస్తే, ఇంతకుముందు చెప్పిన బిగింపుకట్టు కట్టకూడదు. కాలుకు దబ్బ కట్టి కదలకుండా చేసి మోసుకుపోవాలి. మనదేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగు పాముల విషంతో తయారవుతుంది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను తీస్తారు. ప్రతిరక్షకం తాళంచెవి వంటిది. దాని తాళానికే పడుతుంది. ఆఫ్రికాలోని పఫ్ ఆడర్‌కు, మాంబాకు మన సీసాను నమ్ముకొంటే కుదరదు. అక్కడి పాముల విషంతో చేసిన సీసాలే కావాలి. వాటిని చల్లదనం తప్పకుండా దాచాలి. నీడలోనే 40 డిగ్రీలు దాటే చోట ఆ ఫ్రిజ్‌లోని ఉష్ణోగ్రతను పొద్దున, సాయంత్రం రాసుకోవడం మన సహాయకుని వంతు. జనరేటరు ఆగితే ముందు పరుగెత్తేది అతనే.

సాయంత్రం చేసేది రాతపని. ఎవరికి ఏ మందు, ఎన్ని జ్వరాలు, ఏ గుడారంలో విరేచనాలు ఎక్కువ. ఒకే గుడారం పేరు మూడుసార్లు వస్తే రేపు ఉదయం ఆ గుడారపు నీళ్ళడబ్బా చూడాలన్నమాట. మనుషులతో పాటు పశువులకూ అక్కడ మన సైన్యపు పశువైద్యులు వైద్యం చేశారు. పశువే ఆస్తిగా బతికే ఆ జనానికి అది ఎంత పెద్ద సాయమో రైతుబిడ్డలకు తెలుసు.

తిరుగు ప్రయాణం

గడువు తీరి ఇంటికి వచ్చేముందు పసుపుపచ్చ పుస్తకం ఒకటి చూపాలి. అది ఎల్లో ఫీవర్ టీకా వేయించుకొన్నట్లు రుజువు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఈ టీకా పడి ఉండాలి. ఈ విషయంలో మన ప్రభుత్వం చాలా కఠినం, కారణం ఉంది. ఎల్లో ఫీవర్‌ను మోసే ఈడిస్ దోమ మన కూలర్లలో, పూలకుండీల్లో కావలసినంత ఉంది. డెంగీని మోసేదీ అదే. ఆ వైరస్ మాత్రం మనదేశంలో లేదు. ఒక్క రోగి దిగితే చాలు, మిగతా పని మన దోమలు చేసిపెడతాయి.

డాక్సీసైక్లిన్ మాత్ర మాత్రం ఇంటికి వచ్చాక కూడా నాలుగు వారాలు మానకూడదు. చివరి రోజున కుట్టిన దోమ వదిలిన క్రిములు ముందు కాలేయంలో దాగి పెరుగుతాయి. అక్కడ ఈ మందు వాటిని అంతగా ఏమీ చేయలేదు. అవి రక్తంలోకి దిగే వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. సెలవుమీద ఊరికి వచ్చిన జవాను ఈ మాత్రలే మరచిపోతాడు. నెల తరువాత జ్వరం వస్తే దగ్గరి ఆస్పత్రిలో మామూలు జ్వరమనుకొని మందిస్తారు. అందుకే బయలుదేరే ప్రతి సైనికుడికీ వైద్య సహాయకుడు ఒక మాట చెప్పి పంపుతాడు: జ్వరం వస్తే డాక్టరుతో మొట్టమొదట ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పు, రక్తపరీక్ష అడుగు.